వెనుక గోడ యొద్ద

ధ్యాన భాగము: నెహెమ్యా 8:1–9



చెర నుండి తిరిగి వచ్చిన జనులు యెరూషలేములో నీటి గుమ్మము ఎదుట కూడినప్పుడు, ఎజ్రా ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రమును చదివెను. అందుకై కఱ్ఱపీఠమొకటి ముందుగానే చేయబడి యుండెను. ఎజ్రాకు కుడిప్రక్క ఆరుగురు, ఎడమప్రక్క ఏడుగురు నిలిచిరని పేరు పేరున వ్రాసిన గ్రంథము, ఆ పీఠము చేసిన వడ్రంగి పేరు చెప్పదు. అయినను అతని పని లేనియెడల సమూహములో వెనుక నిలిచినవారికి ఏమి వినబడి యుండును?

ఈ భాగమును మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. మా మందిరములో వెనుక గోడకు ఆనుకొని కూర్చుండు విధవరాలిని గూర్చి మాత్రము ఎన్నడును తలంచలేదు. వాక్యము మొదలు కాగానే ఆమె తల వంచుకొనును. నిద్రించుచున్నదని అనుకొంటిమి. ఒక ఆదివారము, పౌలు ప్రసంగించుచుండగా నిద్రపోయి క్రింద పడిన ఐతుకును గూర్చి చెప్పుచు, ఆమె వైపు చూచి ఒక మాట విసరితిమి. అందరు నవ్విరి. ఆమెయు నవ్వెను.

ఆ సాయంకాలము ప్రార్థనకు వెళ్లగా ఆమె, “అయ్యగారూ, పొద్దున అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఏం చెప్పారండీ?” అని అడిగెను.

చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “నిద్ర కాదండీ, వినపడదు. పాటలు వినపడతాయని వస్తన్నా” అనెను. క్షమాపణ వేడుకొంటిమి గాని, ఆ రాత్రి మాకే నిద్ర పట్టలేదు.

మా ఊరిలో ఆదివారపు కరెంటును నమ్ముటకు లేదు. కాబట్టి బ్యాటరీతో పనిచేయు చిన్న పెట్టెను ఇంటియొద్దనే చేసితిమి. దానికి ఎల్.ఎం. 386 అను ఎనిమిది కాళ్ల ఐ.సి. చాలును. నాలుగు పెన్సిల్ సెల్లులు, అనగా 6 వోల్టులు, ఆరవ కాలికి. నాల్గవదియు రెండవదియు భూమికి. ఎలక్ట్రెట్ మైకులో చిన్న ట్రాన్సిస్టరు దాగియుండును గనుక, 10 కిలో ఓముల రెసిస్టరు ద్వారా దానికి కొంచెము విద్యుత్తు నియ్యవలెను. మైకు నుండి వచ్చు ధ్వని 0.1 మైక్రోఫారడు కెపాసిటరు దాటి, శబ్దము హెచ్చించి తగ్గించు మర ద్వారా మూడవ కాలికి చేరును. ఐదవ కాలి నుండి 220 మైక్రోఫారడుల కెపాసిటరు ద్వారా 8 ఓముల స్పీకరుకు పోవును. ఎవరును మాటలాడనప్పుడు ఆ ఐ.సి. త్రాగునది 4 మిల్లీ ఆంపియర్లే.

ఇంతవరకు సుళువే. ఈ ఐ.సి. మామూలుగా ధ్వనిని 20 రెట్లు చేయును. ఒకటవ కాలికిని ఎనిమిదవ కాలికిని మధ్య 10 మైక్రోఫారడుల కెపాసిటరు పెట్టినయెడల 200 రెట్లు. మాకు ఆశ కలిగి అదియే పెట్టితిమి. మందిరములో మీట నొక్కగానే అది కుక్కవలె ఊళ పెట్టెను. స్పీకరు పలికినది మైకు విని, మరల స్పీకరుకే అప్పగించి, తన ధ్వనిని తానే పెంచుకొనుచుండెను. పిల్లలు చెవులు మూసికొని సంతోషించిరి. (ప్రసంగీకులమైన మాకు ఈ వ్యాధి క్రొత్తది కాదు.) తరువాత ఆ కెపాసిటరుతో వరుసగా 1.2 కిలో ఓముల రెసిస్టరును చేర్చితిమి. రెట్లు 50కి దిగెను, ఊళ తగ్గెను. మైకును నోటికి దగ్గరగా పట్టుకొనుట నేర్చుకొంటిమి. దూరము సగమైనచో మైకును తాకు ధ్వని ఇంచుమించు రెట్టింపగును.

అయినను ఈ పెట్టె బలము అర వాటును మించదు. బల్లయొద్ద నుంచినయెడల ముందు వరుసలవారికే మేలు. కనుక స్పీకరును పొడవైన తీగతో తీసికొనిపోయి, వెనుక గోడకు, ఆమె చెవికి మూరెడు దూరములో తగిలించితిమి. మైకు తీగను పొడిగించినచో గురగుర చేరును. స్పీకరు తీగకు ఆ బాధ అంతగా లేదు. పైగా మైకునకు స్పీకరు దూరమగుటచే ఊళయు పూర్తిగా నిలిచిపోయెను.

మొదటి ఆదివారము ఆమె తల వంచలేదు. కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఏడ్చెను. నీటి గుమ్మము ఎదుట వినినవారును ఏడ్చిరి గదా.

మూడవ ఆదివారము ద్వారము వద్ద ఆగి, “అయ్యగారూ, నయోమి మారా అని పేరు మార్చుకొన్నది రూతు రెండో అధ్యాయమన్నారు. మొదటిదండీ. చిన్నప్పుడు బైబిలు స్త్రీ మాకు నోటికి నేర్పింది” అనెను.

తెరచి చూచితిమి. మొదటిదే.