ముఖం లేని శత్రువు



తపఃకాలంలో కుటుంబాలను సందర్శిస్తూ పాతబస్తీలోని ఒక ఇంటికి వెళ్ళాను. పదమూడేళ్ళ బాబు కంప్యూటరు ముందు కూర్చుని యుద్ధం చేస్తున్నాడు. కోట కడుతున్నాడు, బంగారం త్రవ్విస్తున్నాడు, సైన్యాన్ని నడిపిస్తున్నాడు. ఎదుటి రాజు కూడా కంప్యూటరే.

"స్నేహితులతో ఆడుకోవచ్చు కదా, నాయనా?" అన్నాను.

"కంప్యూటరుతోనైతే గొడవ ఉండదు, ఫాదర్" అన్నాడు.

సంక్రాంతికి పతంగుల దగ్గర ప్రక్కింటి అబ్బాయితో తగాదా వచ్చి మాటలు ఆగిపోయాయట. నేను బయలుదేరుతుంటే తల్లి గుమ్మం దగ్గర మెల్లగా అంది: "వాళ్ళ నాన్న కూడా ఆ ఇంటివాళ్ళతో మాట్లాడడం లేదు, ఫాదర్."

ఆట పాపమా? కాదు. శరీరానికి విశ్రాంతి ఎలాగో మనసుకు వినోదం అలాగని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. అయితే దానికి హద్దు ఉండాలని కూడా చెప్పారు. ఇటువంటి ఆటలు పిల్లలకు ముందుచూపును, ఓర్పును నేర్పవచ్చు. కాని అవతల ఉన్నది ఎవరు? సులభమా, కఠినమా అని శత్రువు బలాన్ని మనమే ఎంచుకుంటాం. కొన్ని ఆటలలో కఠినస్థాయిలో ఆ శత్రువుకు తెలివి పెరగదు. ఊరకనే అదనపు సంపద ఇస్తారు, అంతే! ఓడితే మళ్ళీ మొదటినుండి ఆడవచ్చు. 1997 మే నెలలో డీప్ బ్లూ అనే యంత్రం చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. లోకమంతా ఆశ్చర్యపోయింది. గెలిచిన సంగతి మాత్రం ఆ యంత్రానికి తెలియదు!

యంత్రానికి కోపం రాదు, నిజమే. అందుకే దానిని క్షమించే అవసరమూ రాదు. దానితో ఎన్నేళ్ళు ఆడినా సమాధానపడడం మనకు అలవాటు కాదు.

నిజమైన యుద్ధం చూడాలంటే మన గోల్కొండ కోటకు వెళ్ళండి. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు దానిని ముట్టడించింది. చివరకు లోపలివారి ద్రోహంవల్ల తలుపు తెరుచుకుంది. తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒంటినిండా గాయాలతో స్పృహ తప్పేవరకు పోరాడాడు. అతనికి చికిత్స చేయడానికి ఔరంగజేబే వైద్యులను పంపాడని చరిత్ర చెబుతుంది. ఆ చక్రవర్తి పుణ్యాత్ముడని నేను చెప్పడం లేదు. కాని ఎదుట పడి ఉన్నది మనిషి అని అతడు కూడా గుర్తించాడు. తెరమీద కూలిన సైనికునికి వైద్యుణ్ణి పంపాలని ఎవరికి తోస్తుంది?

లూకా సువిశేషం 14వ అధ్యాయంలో ప్రభువు ఒక రాజు కథ చెప్పారు. పదివేలమందితో ఇరవైవేలమందిని ఎదిరించగలనా అని ఆ రాజు ముందుగా కూర్చుని లెక్క చూసుకుంటాడు. చేతకాదనుకుంటే శత్రువు ఇంకా దూరంలో ఉండగానే రాయబారం పంపుతాడు. ప్రభువు ఇది శిష్యరికానికి చెల్లించవలసిన మూల్యాన్ని గురించి చెప్పారు. అయినా గమనించండి: లెక్కలో ఆరితేరిన ఆ రాజు చివరకు చేసిన పని శాంతిని కోరడమే!

2024 జూన్‌లో ఇటలీలో జరిగిన జీ-7 సమావేశంలో జగద్గురువు ఫ్రాన్సిస్ పోపుగారు, మనిషి ప్రాణం తీయాలని ఏ యంత్రమూ ఎన్నడూ నిర్ణయించకూడదని దేశాధినేతలను హెచ్చరించారు. యంత్రాన్ని శత్రువుగా చేసుకుని ఆడే తరం రేపు మనిషిని కూడా తెరమీది చుక్కగా చూస్తే ఆ హెచ్చరిక వృథా అవుతుంది.

తల్లిదండ్రులారా, కంప్యూటరును కిటికీలోనుండి పారవేయమని నేను అనను. ఆటకు వేళ నిర్ణయించండి. వారానికి ఒకసారైనా పిల్లల ఎదుట చదరంగం బల్ల వేసుకుని మీరే కూర్చోండి. ఓడినప్పుడు నవ్వడం, గెలిచినప్పుడు చేయి కలపడం వారు మీ ముఖం చూసి నేర్చుకోవాలి. అంతకంటె ముఖ్యం, మీకు ఎవరితో మాటలు లేవో ఈ వారం వారి గడప తొక్కండి. సహోదరునితో సమాధానపడిన తరువాతే పీఠం దగ్గరకు రమ్మని ప్రభువు ఆజ్ఞాపించారు కదా! తండ్రి ప్రక్కింటి తలుపు తట్టకపోతే కుమారుడు ఎలా తడతాడు?

సమాధానకర్తయైన ప్రభువు మీ ఇంటిని, మీ ప్రక్కింటిని కూడా దీవించునుగాక. ఆమెన్.