దారిలో భోజనం: అసలు రుచి ఎక్కడుంది?

మీరు హైదరాబాద్ నుంచి నాగపూర్ పోతున్నారనుకుందాం. 44వ నంబరు జాతీయ రహదారి. మనలో చాలామంది ఏటా దీక్షాభూమికి పోయే దారి కూడా ఇదే. మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట దాటేసరికి ఆకలి మొదలవుతుంది. కారులో ఒకరు ఫోన్ తీస్తారు. "పెద్ద హోటళ్లు వద్దు, ఏ ఊళ్లో చూసినా అదే పనీరు, అదే ఫ్రైడ్ రైసు. ఈడి అసలు వంట ఏడ దొరుకుతదో చూడు" అంటారు ఇంకొకరు. కొందరైతే రామాయంపేట దగ్గర పెద్ద రోడ్డు దిగి, మెదక్ మీదుగా ఎల్లారెడ్డి దారి పట్టి, పోచారం చెరువు దాకా పోతారు. చెరువు చేప తినాలి, కట్టెల పొయ్యి మీద కాల్చిన జొన్నరొట్టె తినాలి అని కోరిక.

ఈ కోరిక తప్పా? తప్పని ధమ్మం చెప్పదు. ఆకలి తప్పు కాదు. ఆకలితో చేసే తపస్సు వల్ల జ్ఞానం రాదని తెలుసుకున్నాకే సిద్ధార్థుడు సుజాత ఇచ్చిన పాయసం తీసుకున్నాడు. మధ్యేమార్గం అక్కడే మొదలైంది. అయితే మనం దేన్ని వెతుకుతున్నామో ఎరుకతో చూసుకోమని మాత్రం ధమ్మం అడుగుతుంది. "అసలైన భోజనం" అంటున్నాం కదా, ఆ "అసలు" అనేది ఎక్కడుంది? పళ్లెంలో ఉందా, నాలుక మీద ఉందా, లేక ఇంకెక్కడైనా ఉందా?

ముందు పళ్లెం సంగతి చూద్దాం. పోచారం ప్రాజెక్టు నిజాం కాలంలో కట్టింది, 1922లో పూర్తయింది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు పారిన చోట వరి పెరిగింది. నీళ్లు అందని చోట జొన్న, మక్క మిగిలాయి. పేద ఇళ్లలో తెల్లన్నం చాలాకాలం పండుగనాటి మాటే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక మెల్లగా ఆ ఇళ్లలోనూ రోజూ అన్నం ఉడకడం మొదలైంది. అంతకుముందు గటక, అంబలి, జొన్నరొట్టె తిన్నవాళ్లు "ఇది మా సంప్రదాయ వంటకం" అనుకుంటూ తినలేదు. ఉన్నదది కాబట్టి తిన్నారు. అందులో బలం ఉంది, రొట్టె కొట్టే చేతుల్లో నేర్పు ఉంది, కాదనలేం. కానీ ఒకనాటి లేమి ఈనాడు బోర్డు మీద రుచిగా మారిందన్న సంగతి మరిచిపోకూడదు.

ఇంకొంచెం వెనక్కి పోదాం. పచ్చిపులుసులో వేసే మిరపకాయ మన దేశపు పంట కాదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో దాదాపు 500 ఏళ్ల కింద వచ్చింది. టమాటా, మక్కజొన్న పుట్టిల్లు కూడా ఆ ఖండమే. వాటికి ముందు మన కూరల్లో కారమంటే మిరియాలే. మరి ఏ సంవత్సరపు పులుసును అసలు పులుసు అందాం? 1983కు ముందుదా, 1922కు ముందుదా, మిరపకాయ రాకముందుదా?

దీన్నే ధమ్మంలో అనిత్యం అంటాం. వంటకం కూడా హేతువుల వల్ల పుట్టేదే. నేల, నీళ్లు, పంట, కట్టెలు, చేయి, పేదరికం, వలస, ఇవన్నీ కలిస్తే ఒక కూర. కారణాలు మారితే కూరా మారుతుంది. మారకుండా నిలిచిన "అసలు రుచి" అనే ఆత్మ ఏదీ ఆ గిన్నెలో లేదు. అలాగని అది నకిలీ అనీ కాదు. ఇవాళ్టి కారణాలతో ఇవాళ్టి కూర నిజంగానే ఉంది. మనం వెతుకుతున్న గట్టి ముద్ర మాత్రం దాని మీద లేదు.

ఇక నాలుక సంగతి. స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం అని పటిచ్చసముప్పాదంలో చదువుకున్నాం. భోజనం దగ్గర దీన్ని మీరే పరీక్షించి చూడొచ్చు. మొదటి ముద్ద నాలుకకు తగిలింది, బాగుంది. ఆ బాగుండటం పూర్తిగా అనుభవించక ముందే మనసు రెండో ముద్ద మీదికి దూకుతుంది. రెండోది నోట్లో ఉండగానే "నిర్మల్‌లో ఇంతకన్నా మంచి చోటు ఉందట" అని ఎవరో అంటారు. చేతిలో ముద్ద, కంటి ముందు ఫోన్, మనసేమో వంద కిలోమీటర్ల అవతల. తిన్నది ఎవరు?

కోసలరాజు పసేనది కథ చాలామందికి తెలిసే ఉంటుంది. దోణెడు బియ్యం అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుని దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు ఆయనను తిట్టలేదు, ఉపవాసం ఉండమనీ చెప్పలేదు. ఎరుక గలవాడు తిండిలో మితం తెలుసుకుంటాడనీ, అట్లాంటివాడికి బాధలు తగ్గుతాయనీ ఒక చిన్న గాథ చెప్పాడు. దాన్ని రోజూ భోజనం వేళ తనకు వినిపించమని రాజు సుదస్సనుడనే యువకుణ్ణి పెట్టుకున్నాడు. కొంతకాలానికి దోణెడు అన్నం నాళికెడు అన్నం అయింది, ఒళ్లు తేలికపడింది. రాజుకు రుచి నిషేధం కాలేదు, మధ్యలో ఎరుక వచ్చి కూర్చుంది, అంతే. ఆకలి రుచి ఎరుగదని మన పెద్దలు అన్నారు. ఆకలి తీరాక కూడా ఆగని రుచి వేటకు ధమ్మం పెట్టిన పేరు తృష్ణ.

ఇంతవరకు తినేవాడి మనసు గురించి మాట్లాడుకున్నాం. దారిలో భోజనానికి ఇంకో చరిత్ర ఉంది. అది తిననివ్వని వాళ్ల చరిత్ర.

1901లో తొమ్మిదేళ్ల భీమ్‌రావు తన అన్నతో, అక్క కొడుకులతో కలిసి సతారా నుంచి రైల్లో తండ్రి పనిచేసే ఊరికి బయలుదేరాడు. మసూర్ స్టేషన్‌లో దిగారు. ఎవరి పిల్లలో తెలిశాక బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇస్తామని, బండి తామే తోలుకుంటామని ఒప్పుకున్నాక ఒకడు సరేనన్నాడు. వాడు పక్కన నడుస్తూ వచ్చాడు. పిల్లల దగ్గర తిండి నిండుగా ఉంది. కానీ తాగడానికి ఎవరూ నీళ్లివ్వలేదు. నీళ్లు లేక ఆ తిండి ముట్టలేదు, ఆకలితోనే పడుకున్నారు. బాబాసాహెబ్ ఈ సంగతిని స్వయంగా రాసి పెట్టారు. ఆ పిల్లవాడే పెద్దయ్యి, 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగాడు. 1956 అక్టోబరు 14న మనందరికీ ధమ్మం ఇచ్చాడు.

దారిలో "అసలైన రుచి ఎక్కడ దొరుకుతుంది" అని వెతకగలగడం మన తరానికి దక్కిన స్వేచ్ఛ. మన ముందుతరం అడిగిన ప్రశ్న వేరు: "మమ్మల్ని ఎక్కడ కూర్చోనిస్తారు?" రాజ్యాంగంలో 15వ అధికరణ రెండో క్లాజు చదవండి. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు అని పేరుపెట్టి మరీ చెప్పింది, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దాన్ని శిక్షించే చట్టం వచ్చింది. అయినా మన పల్లెల్లో చాయ్ హోటళ్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం నడిచిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెప్తారు.

అందుకే "ఇంటి వంట", "సంప్రదాయ భోజనం" అన్న బోర్డు కనిపిస్తే ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఎవరి ఇంటి వంట? ఏ వాడ సంప్రదాయం? బోర్డుల మీద కొన్ని కులాల పేర్లు శుచికి, రుచికి గుర్తుగా కనిపిస్తాయి. ఊరి చివరి వాడల్లో ఎండబెట్టిన తునకలు, బోటి, గంజి ఎన్ని బోర్డుల మీద కనిపిస్తాయి? మరాఠ్వాడాలో షాహూ పాటోలే 2015లో దళితుల వంటిళ్ల గురించి మరాఠీలో ఒక పుస్తకం రాశారు. "అన్నం పూర్ణబ్రహ్మం" అనే మాటను తిప్పి, "అన్న హే అపూర్ణబ్రహ్మ" అని దానికి పేరు పెట్టారు. కొందరి అన్నాన్ని లెక్కలోకే తీసుకోకపోతే అది పూర్ణం ఎట్లా అవుతుందన్న ప్రశ్న ఆ పేరులోనే ఉంది.

బుద్ధుని సంఘంలో భిక్ష పద్ధతి గుర్తు చేసుకోండి. మంచి వంట దొరికే ఇల్లు ఏరుకోకుండా, వరసలో ఏ ఇల్లూ వదలకుండా పోవడాన్ని గొప్ప వ్రతంగా చెప్పారు. ధనవంతుడి ఇల్లు, కూలివాడి ఇల్లు అన్న తేడా లేదు. పాత్రలో ఏది పడితే అదే భోజనం. వాడిన పూలు ఊడ్చి బతికిన సునీతుడు, క్షురకుడైన ఉపాలి అదే సంఘంలో కూర్చున్నారు. ఆ పంక్తిలో వెనక వరస లేదు. మనకు తెలిసిన అసలైన భోజనశాల అదే.

మరి ప్రయాణంలో మనం ఏం చేయాలి? అందరం భిక్షువులం కాము. డబ్బులిచ్చి తింటాం, ఎంచుకుంటాం. ఎంచుకునేటప్పుడు కాలాములకు చెప్పిన మాట గుర్తుంచుకుందాం. పదిమంది అన్నారని, పూర్వం నుంచి వస్తోందని, పేరున్నవాడు చెప్పాడని దేన్నీ ఒప్పుకోవద్దు. అది మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని మీరే చూడండి. ఫోన్‌లోని స్టార్లూ పదిమంది మాటే.

ఏం చూడాలి? మొదట, చెప్పింది పెడుతున్నారా అని. నాటుకోడి అని రాసి ఫారం కోడి పెడితే అది వంటలో లోపం కాదు, నాలుగో శీలంలో లోపం. "ఇది ఫారం కోడే అన్నా" అని నిజం చెప్పే చిన్న ధాబా దానికన్నా అసలైంది. రెండోది, పనిచేసేవాళ్లు ఎవరు, ఎట్లా ఉన్నారు అని. 14 ఏళ్లలోపు పిల్లలను ధాబాల్లో, హోటళ్లలో పనికి పెట్టడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. బల్ల తుడిచే చేతులు బడికి పోవాల్సిన చేతులైతే ఆ పులుసు ఎంత పుల్లగా కమ్మగా ఉన్నా లాభం లేదు. మూడోది, మన పళ్లెం. రుచి చూద్దామని పది రకాలు తెప్పించి సగం వదిలేస్తే, ఈ నేల ఎన్ని ఏళ్లు బువ్వ కోసం ఎదురుచూసిందో మనకు తెలియనట్టే. నాలుగోది, ఐదో శీలం. తిండితోపాటు మందు అమ్మే చోట బండి నడిపేవాడు ఏం చేస్తున్నాడో చూసుకోవాలి. దారిన పోయే ఇతరుల ప్రాణం కూడా అతని చేతిలో ఉంది.

మరి వంట బాగా లేకపోతే? ఉప్పు తక్కువైందని, రొట్టె మాడిందని ఒక్క స్టార్ ఇచ్చి నాలుగు కటువైన మాటలు రాసే ముందు కమ్మరి చుందుణ్ణి తలుచుకోండి. పావానగరంలో అతను పెట్టిన భోజనం తర్వాతే తథాగతుడికి కడుపునొప్పి తీవ్రమైంది. కుసినారకు పోతూ ఆయన ఆనందుడికి చెప్పిన మాటల్లో చుందుడి సంగతి ఉంది. నీ వల్లే ఇట్లా అయిందని ఎవరూ అతణ్ణి నిందించకుండా, అతని మనసు నొప్పించకుండా చూడమన్నాడు. ప్రాణం పోయే వేళ కూడా ఆయన ఆలోచించింది వండిపెట్టినవాడి గురించి. లోపం ఉంటే చెప్పొద్దని దీని అర్థం కాదు. వండినవాడికే నేరుగా, మెత్తగా చెప్పొచ్చు.

ఈ గోదావరి గడ్డ మీద నుంచి పెద్ద నగరాల గుండా పోయిన ఒక ప్రయాణం సుత్తనిపాతంలో ఉంది. అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉన్న బావరి, తన పదహారుమంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపాడు. ఆ దేశపు రాజధాని మన బోధనే అని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. వాళ్లు పతిట్ఠానం, ఉజ్జేని, కోసంబి, సాకేతం, సావత్థి మీదుగా మగధ దాకా నడిచారు. ఊళ్ల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఏ ఊళ్లో ఏం తిన్నారో మాత్రం లేదు. తినకుండా అంత దూరం నడవలేరు కదా, తినే ఉంటారు. కానీ వాళ్లు మోసుకుపోయింది ప్రశ్నలను, తెచ్చుకున్నది జవాబులను.

మనమూ తిందాం. జొన్నరొట్టె తిందాం, చెరువు చేప దొరికితే సంతోషంగా తిందాం. మొదటి ముద్ద పెట్టుకునే ముందు ఒక్క శ్వాస ఆగి, ఇది ఎందరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చిందో చూద్దాం. మన తెలంగాణలో మనిషి ఎదురుపడితే మొదట అడిగేది "తిన్నవా?" అని. హోటల్లో ఆ మాటను వడ్డించే మనిషిని అడిగి చూడండి. మధ్యాహ్నం మూడైనా ఇంకా తినలేదని అతను చెప్తే, ఆ చోటు గురించి మీరు తెలుసుకోవాల్సింది తెలిసినట్టే.