తాబేలుకి బల్బు కడితే కరుణ అవుతుందా?



మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం మా పేటలో మీటింగు అయ్యాక కుర్చీలు సర్దుతుంటే, తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడు పక్కకొచ్చి నిలబడ్డాడు. "మావయ్యా, తాబేలుకి చలేస్తదా అండీ?" అని అడిగాడు. నవ్వొచ్చింది గానీ వాడి మొహం చూసి ఆపుకున్నాను. వాడికి నిజంగా భయంగా ఉంది.

వాళ్ళింటికెళ్ళి చూశాను. పెరట్లో కొబ్బరిచెట్ల కింద నాలుగు వరసల ఇటుకలు పేర్చి, పైన రేకు కప్పి, లోపల గడ్డి పరిచారు. ఇంట్లోంచి వైరు లాగి ఒక బల్బు వేలాడదీశారు. గడ్డికీ బల్బుకీ మధ్య జానెడు ఎడం లేదు. ఆ వెలుగులో తాబేలు కనిపించింది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు, నక్షత్రాల్లాగా. మెడ చాపి నోరు తెరుచుకుని ఊపిరి తీస్తోంది. ముక్కు దగ్గర బుడగలు.

వాళ్ళ నాన్న దాన్ని ఎవరి దగ్గరో కొన్నాడు. తాబేలు ఇంట్లో ఉంటే డబ్బు నిలుస్తుందని ఎవరో చెప్పారట. మనిషి చెడ్డవాడు కాదు. అప్పుల్లో ఉన్నాడు, ఆశపడ్డాడు. పిల్లాడు మాత్రం అదృష్టం సంగతి పట్టించుకోలేదు, తాబేలుని ప్రేమించాడు.

ముందు వాడి ప్రశ్నకి జవాబు చెప్పుకుందాం. అవును, తాబేలుకి చలేస్తుంది. మనలాగా ఒంట్లోంచి వేడి పుట్టించుకునే శక్తి దానికి లేదు. పొద్దున్నే ఎండలోకి వచ్చి ఒళ్ళు వేడెక్కించుకుంటేనే కాళ్ళు కదులుతాయి, తిన్నది అరుగుతుంది. ఎండ ముదిరితే పొద కిందికి పోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే డిప్ప గట్టిపడుతుంది. ఆ పని మామూలు బల్బు చెయ్యలేదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ కూడా చెయ్యలేదు. డిప్ప రాయి కాదండీ, దాని ఎముకే అది. తాకితే దానికి తెలుస్తుంది.

కానీ మన కోనసీమలో దానికి అసలు శత్రువు చలి కాదు, తడి. నక్షత్ర తాబేలు మెట్ట ప్రాంతపు జీవి. ముళ్ళపొదలు, రాళ్ళు, పొడి నేల దాని ఇల్లు. అనంతపురం, చిత్తూరు వైపు అలాంటి నేల ఉంది. మనదేమో ఒండ్రుమట్టి, గుంట తవ్వితే నీరు. మంచు కురిసిన రాత్రి కొబ్బరితోటలో నేల తెల్లారేదాకా చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మలో చలి కలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఆ కుర్రాడు చూసిన బుడగలు అవే.

ఆ రాత్రికి చేయగలిగింది చేశాం. తడిగడ్డి తీసేశాం. ఇంటి అరుగు మీద చెక్కపెట్టె పెట్టి, ఎండిన కొబ్బరిపీచు మందంగా పరిచి, ఒక మూల చీకటిగా దాక్కునే చోటు ఉంచాం. బల్బుని పెట్టెకి ఒక పక్కనే, మూరెడు ఎత్తున, వైరుతో కాకుండా గట్టి కమ్మీతో కట్టాం. ఒక వైపే ఎందుకంటే, వేడెక్కువైతే రెండో వైపుకి జరిగే వీలు దానికుండాలి. గడ్డి మీదికి బల్బు జారితే తాబేలుతో పాటు ఇల్లు కూడా అంటుకుంటుంది. తాటాకు చూరున్న ఇళ్ళవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. పైన ఇనుప జల్లెడ బిగించాం, కుక్కలూ ముంగిసలూ పందికొక్కులూ ఉన్న పెరడది. పల్లెంలో దాని గడ్డం మునిగేంత లోతు దాటకుండా నీళ్ళు పెట్టాం. మర్నాడు పశువుల డాక్టరుకి చూపించాం. అన్నం, పెరుగు పెడుతున్నారని విని ఆయన తల పట్టుకున్నాడు. అది గడ్డీ ఆకులూ తినే జీవి.

ఇదంతా చేశాక వాళ్ళ నాన్న నన్నడిగిన మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. "ఇప్పుడు బాగా చూసుకుంటున్నాం కదండీ. అడవిలో నక్క తినేస్తది. మా దగ్గర దానికేం లోటు?"

ఈ మాట మీరు ఇంతకు ముందు విన్నారా? నేను విన్నాను. మా తాత పాలేరుగా ఉన్న ఇంటివాళ్ళు అనేవారట: మా దగ్గర వాడికి తిండికేం లోటు అని. నిజమే, తిండికి లోటు లేదు. తాబేలుని మనిషితో పోలుస్తున్నానని కోప్పడకండి. నేను పోలుస్తున్నది ఆ మాటని. పెట్టిన తిండి లెక్క చెప్పి, కట్టేసిన తాడు సంగతి దాటేసే మాట అది.

బాబాసాహెబ్ 'బుద్ధుడు-అతని ధమ్మం' గ్రంథంలో అహింస గురించి రాస్తూ, చంపవలసిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని విడదీశారు. అహింసని గుడ్డి నియమంగా కాక, ఆలోచించి ఆచరించే సూత్రంగా చూడమన్నారు. ఆ గీటురాయినే ఇక్కడ పెట్టి చూడండి. ఒక జీవిని బంధించాల్సిన అవసరం కొన్నిసార్లు ఉంటుంది. రోగంతో ఉంది, ఆ రాత్రి మా పెట్టెలో ఉంచాం. అది అవసరం. అదృష్టం కోసం, ముచ్చట కోసం ఉంచుకోవడం కోరిక. బల్బు రెండు చోట్లా ఒకేలా వెలుగుతుంది. బయటినుంచి చూస్తే తేడా తెలీదు. కట్టినవాడికి తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఉపాసకుడు చెయ్యకూడని ఐదు వ్యాపారాలు బుద్ధుడు చెప్పాడు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ప్రాణుల్ని అమ్మేవాడు ఉన్నాడంటే కొనేవాడు ఉన్నాడని అర్థం. 2015లో వెలువడిన ఒక పరిశోధన, మన దేశంలో ఒకే ఒక్క చోటు నుంచి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు పట్టుబడి అమ్ముడవుతున్నాయని లెక్క తేల్చింది. 2019లో వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని దేశాలన్నీ కలిసి నిషేధించాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. పట్టుబడేది మాత్రం చాలాసార్లు పొదల్లో ఏరి తెచ్చిన పేదవాడే. అదృష్టం కొనుక్కున్నవాడు గాజుబీరువా పక్కన హాయిగా ఉంటాడు.

సరే, వదిలేద్దాం అంటారా? ఇక్కడే నా తప్పు ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట, ఉద్యమంలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒకాయన ఇంట్లో ఇలాంటి తాబేలుని చూసి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆయన సిగ్గుపడి నా చేతిలో పెట్టేశాడు. నలుగుర్నీ పోగేసి, చప్పట్ల మధ్య పంట కాలవలో వదిలాను. తాబేలు అంటే నీళ్ళదే అనుకున్నాను. రెండుసార్లు కాళ్ళు ఆడించి మునిగిపోయింది. నీళ్ళలోకి వెళ్ళిపోయిందని అందరూ సంతోషించారు. మెట్ట తాబేలుకి ఈత రాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. దాన్ని కొన్నాయన దగ్గర అది బతికే ఉంది. విడిపించిన నా చేతిలో చచ్చిపోయింది.

మన బోదెల్లో, చెరువుల్లో ఉండే మెత్త డిప్ప తాబేలు వేరు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు బురదలో కూరుకుని తొలకరి దాకా ఉండగలదు. దాన్ని పట్టుకోవడమూ నేరమే. చెవి దగ్గర ఎర్ర మచ్చతో షాపుల్లో అమ్మే చిన్న పచ్చ తాబేలు అమెరికాది. దాన్ని చెరువులో వదిలితే మన తాబేళ్ళ తిండీ చోటూ లాక్కుంటుంది. పేరొకటే, మూడింటి బతుకులూ వేరు. దయ ఉంటే చాలదు, ఎవరి మీద దయ చూపిస్తున్నామో వాళ్ళ సంగతి కూడా తెలుసుకోవాలి. నాకప్పుడు దయ మాత్రమే ఉంది.

జాతక కథల్లో ఒక తాబేలుంది. చెరువు ఎండిపోతోందని తెలిసినా, పుట్టిన చోటు విడవలేక మట్టిలోనే ఉండిపోయి కుమ్మరి పార తగిలి చచ్చిపోతుంది. ఇంటి మీద మోహం వద్దని చెప్పడానికే ఆ కథ. నాకు మాత్రం చదివినప్పుడల్లా, ఇంటి మీద అంత మోహం ఉన్న జీవిని మనం ఇంకెక్కడికో మోసుకొచ్చాం కదా అనిపిస్తుంది.

నాలుగో రోజు ఆ కుర్రాడి నాన్న తనంతట తనే వచ్చి, "పదండి, ఇచ్చేద్దాం" అన్నాడు. కేసవుతుందేమోనని భయం ఉంది. న్యాయవాది మిత్రుణ్ణి ఒకర్ని తోడు తీసుకుని అటవీ శాఖ వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. ఎక్కడ కొన్నదీ దాచకుండా చెప్పాడు. పెట్టెతో సహా అప్పగించి, రసీదు తీసుకున్నాం. కుర్రాడు ఏడ్చాడు. వద్దని నేను అనలేదు.

సంక్రాంతి తర్వాత వాడు మళ్ళీ వచ్చాడు. "మావయ్యా, అక్కడ పొడిగా ఉంటదా అండీ?" అని అడిగాడు. ఫోను చేసి కనుక్కున్నాను. ముక్కు ఆరిందట, ఆకులు తింటోందట. వాడికదే చెప్పాను.