రెండు సున్నాలు

ఇంజనీరింగ్ ల్యాబు వైవాల్లో అరిగిపోయిన ప్రశ్న ఒకటుంది: వర్చువల్ గ్రౌండ్ అంటే ఏమిటి? “అసలు గ్రౌండ్ కాదు సార్, కానీ సున్నా వోల్టుల దగ్గరే ఉంటుంది” అని కుర్రాడు ఠక్కున చెప్పేస్తాడు. మార్కులు పడిపోతాయి. కాకుండానే ఉండటమంటే ఎలా ఉన్నట్టు? అది మాత్రం ఎవరూ అడగరు.

బ్రెడ్‌బోర్డు మీద ఎనిమిది కాళ్ల 741 చిప్పు. 1968లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ తెచ్చిన ఈ ఆప్-ఆంప్ ఇంకా ల్యాబుల్ని వదల్లేదు. మూడో పిన్ను గ్రౌండుకి కలిపి, రెండో పిన్నుకి 10 కిలోఓముల రెసిస్టర్ మీదుగా 1 వోల్టు ఇస్తారు. ఆరో పిన్ను, అంటే అవుట్‌పుట్, 100 కిలోఓముల మీదుగా వెనక్కొచ్చి అదే రెండో పిన్నును కలుస్తుంది. అవుట్‌పుట్ మైనస్ 10 వోల్టులు.

మల్టీమీటరును 20 వోల్టుల రేంజిలో పెట్టి రెండో పిన్నును తాకితే 0.00. అయినా అక్కడికొచ్చిన 0.1 మిల్లీఆంపియర్ నేలలోకి దిగదు. 100 కిలోఓముల దారి పట్టి అవుట్‌పుట్‌కి పోతుంది.

అద్వైతులు సత్తను పారమార్థికం, వ్యావహారికం, ప్రాతిభాసికం అని మూడుగా చెబుతారు. తాడులో కనబడే పాము మూడోది. దీపం తెస్తే మాయం. ఈ సున్నా మీటరు పెట్టినా మాయమవదు. కనక వ్యావహారికమే అనాలి: ఫీడ్‌బ్యాక్ నడిచినంతసేపూ చెల్లుతుంది. 100 కిలోఓముల కాలు ఊడదీస్తే రెండో పిన్ను 1 వోల్టుకి లేచి కూర్చుంటుంది.

ఇంకాస్త తరచి చూస్తే అది పూర్తి సున్నా కూడా కాదు. 741 సొంత గెయిన్ దాదాపు 2 లక్షలు. ఆఫ్‌సెట్ సంగతి పక్కనపెట్టినా, 10 వోల్టులు పుట్టాలంటే ఇన్‌పుట్ల మధ్య 50 మైక్రోవోల్టుల తేడా మిగలాల్సిందే. 1927 ఆగస్టులో హడ్సన్ నది దాటే ఫెర్రీలో, న్యూయార్క్ టైమ్స్ పేజీ మీద ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ గీసుకున్నది ఈ కిటుకే: అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌కి ఎదురు నిలిపి, మిగిలిన కొసరుతో యాంప్లిఫయర్‌ని నడపటం. గెయిన్ బోలెడు పోయింది, వక్రీకరణ తగ్గింది.

పోలికకు చిక్కొచ్చేది ఆ తర్వాతే. పెద్ద సత్యం తెలిస్తే చిన్నది అందులో కలిసిపోవాలి కదా! సరే, రెండో పిన్ను నుంచి ఓ తీగ తెచ్చి అసలు గ్రౌండుకి గుచ్చితే? కరెంటంతా తీగలోంచి జారిపోతుంది. చిప్పుకి పుట్టుకతో వచ్చిన మిల్లీవోల్టు ఆఫ్‌సెట్ లక్షల రెట్లై, అవుట్‌పుట్ ఏదో ఒక సప్లై అంచుకి చేరి బిగుసుకుపోతుంది. రెండో పిన్ను దగ్గర మీటరు మాత్రం ఇందాకటిలాగే 0.00 చూపిస్తుంది.