చెదరుట సులభము, కూర్చుట ధర్మము



సైదాబాదు వీధిలోని హోటలున కప్పులో పోసిన చాయ కొంతసేపటికి చల్లారుట మన మందఱము చూచియున్నాము. చల్లారిన చాయ చుట్టునున్న గాలినుండి వేడిని తానై గ్రహించి మరల కాగుటను చూచినవారు లేరు. వేడి తనంతట తాను వేడి వస్తువునుండి చల్లని వస్తువునకే పోవును. ఈ నియమమును జర్మను పండితుడు క్లాసియసు 1850లో తెలిపి, 1865లో దాని కొలతకు ఎంట్రోపీ యని పేరిడెను. బోల్ట్‌జ్‌మను 1877లో హేతువును వివరించెను: అణువులు క్రమముగ నుండు రీతులు కొన్నియే, చెదరియుండు రీతులు లెక్కకు మిక్కిలి. కావుననే చెదరుట తానై జరుగును. కాలము ముందునకే సాగినట్లు మనకు తోచును.

సైదాబాదునకు ఉత్తరమున ప్రవహించు మూసీ ఈ సత్యమును కఠినముగ బోధించినది. 1908 సెప్టెంబరు 28వ తేదీనాటి వఱద తరతరముల కట్టడములను కూల్చి, వేలకొలది ప్రాణములను హరించెను. కూలిన గోడ యేదియు తానై లేవలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యాలోచనపై తలపెట్టిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. ఒక్కదినపు వినాశమునకు ప్రతిక్రియ పందొమ్మిదేండ్ల శ్రమ!

"క్షీణించుటయే నియమమైనచో మన ప్రయత్నమేల? అంతయు కలిమహిమ" అని కొంద ఱందురు. ఇది నియమమును సగము చదువుట. ఎంట్రోపీ తఱుగదనుట వెలితో నే సంబంధమును లేని వ్యవస్థకు చెల్లును. మన భూమి యట్టిది కాదు. సూర్యుని వెలుగు దినదినము వచ్చుచున్నది. భూమి యా శక్తిని కంటి కగపడని వేడికిరణములుగ ఆకాశమునకు విడుచుచున్నది. ఈ రాకపోకల నడుమనే పైరు పెరుగుచున్నది, శిశువు ఎదుగుచున్నాడు, గోడ లేచుచున్నది. అయితే యిచ్చట కుదిరిన క్రమమునకు మించిన చెదరు మఱియొకచోట చేరక తప్పదు. కావున దొరికిన శక్తిని దుబారా చేయుట దోషమని మేము తలచెదము.

కట్టినది కట్టినట్లే నిలుచునని నమ్మి యూరకుండుటయు దోషమే. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ వీధులు మరల మునిగినవి. కాలువ పూడిక, గోడ బీట, మఱచిన చదువు, ఎడమైన పొరుగు—వీనిలో నేదియు తానై చక్కబడదు. సృష్టికర్త మనకు సూర్యకాంతిని, రెండు చేతులను, నేటి దినమును ఇచ్చియున్నాడు. నిన్న మరలిరాదు. నేడు ఒక్క కాలువనైన, ఒక్క మనస్సునైన బాగుచేయుదము.