అమ్మణ్ణీ, నోటుబుక్కు తెచ్చుకో

అమ్మణ్ణీ,

తిరుపతిలో వంట కాలేజీలో చేరనని మొండికేసినావంట, మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. "వంట క్లాసులో కూర్చొని నేర్చుకునేదా? తాత వెంట పెళ్ళిళ్ళకు పోతా" అన్నావంట. నా చేతి మీద నీకున్న నమ్మకానికి కడుపు నిండింది. అయినా ఆ మాట నేను ఒప్పుకోను.

పదమూడో ఏట బడి మాని గాడిపొయ్యి దగ్గర చేరినా. నలభై ఏండ్లు చిత్తూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వండినా. నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ఒక ఏప్రిల్ నెలలో, రాత్రి విందుకని మధ్యాహ్నమే పలావు దించేసినా. అండాకు మూతేసి, రాత్రికి బాగా వేడిచేసి వడ్డించినాం. రుచి మారలేదు, వాసన రాలేదు. అర్ధరాత్రికి ముప్పై మందికి వాంతులు, అందులో పసిబిడ్డలు. నూనె మీద అనుమానపడినా, బావి నీళ్ళ మీద అనుమానపడినా, చివరికి దిష్టి అనుకొని గుమ్మడికాయ కొట్టించినా. దేవుడి దయవల్ల అందరూ బతికినారు.

చానా ఏండ్ల తర్వాత ఆహార భద్రత శిక్షణకు పిలిస్తే పోయినా. నీకంటే నాలుగేండ్లు పెద్దదేమో, ఒక పిల్ల బోర్డు మీద రెండంకెలు రాసింది: 5, 60. ఆ రెండు డిగ్రీల మధ్య వండిన అన్నం గంటలకొద్దీ ఉండిపోతే, ఉడుకుకు చావని సూక్ష్మజీవుల బీజాలు మొలకెత్తి విషం వదుల్తాయనింది. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదనింది. నాకు ఒళ్ళు జల్లుమనింది. ఆ పసిబిడ్డల మొహాలే కండ్లముందు నిలిచినాయి. కంటికి ఆనేది, ముక్కుకు తగిలేది చెయ్యి నేర్చుకుంటుంది. ఆననిదాన్ని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సిందే తల్లీ.

అట్లని పుస్తకమే చాలనుకునేవు. మీ అవ్వ సంగటి చేసేది చూసినావు గదా. బియ్యం మెత్తగా ఉడికినాక రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా సన్నమంట మీద మగ్గనిచ్చి, ఆ తర్వాతే తెడ్డుతో గెలుకుతుంది. గడియారం చూడదు. తడివేలు పెట్టి చూస్తుంది, అంటుకోకుంటే దించేస్తుంది. పిండి ఎంత నీళ్ళు తాగిందో తెడ్డు బరువును బట్టి ఆమె భుజానికి తెలుస్తుంది. ఆ బరువు ఏ సారూ బోర్డు మీద రాయలేడు.

తిరుమల లడ్డునే తీసుకో. దానికి దిట్టమని ఒక లెక్క ఉంది. 2001లో సవరించిన దిట్టం ప్రకారం 5,100 లడ్లకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, నెయ్యి 165. జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకులు కూడా కలిపితే 803 కిలోలు. పాకం ఎప్పుడు దించాలో పోటులో, అంటే గుడి వంటశాలలో, నిలబడినోళ్ళ కంటికి తెలుసు. కానీ ఆ దిట్టం కాగితమే లేకుంటే మనిషి మారినప్పుడంతా లడ్డు మారిపోయేది.

నా దగ్గర అట్లాంటి కాగితం లేదు. నా జట్టులో ఎంతమంది పిల్లోళ్ళు పనిచేసినా, ఉప్పెంత అంటే పిడికిలి చూపించినా. వాళ్ళ పిడికిలి వేరు. నా వంకాయ కూర ఈ రోజుకీ ఒక్కడికీ రాదు. ఆ బాధ నాకుంది. ఫ్రాన్సులో ఎస్కోఫియే అనే పెద్ద వంటవాడు కూడా నా మాదిరే పదమూడేండ్లకు బంధువుల హోటల్లో పనికి చేరినాడంట. అయితే ఆయన 1903లో తన విద్యనంతా పుస్తకంగా అచ్చేయించినాడు. నాకు అట్లా పుస్తకం రాయడం రాదు, నీకు వస్తుంది.

2018లో కేంద్ర పర్యాటక శాఖవాళ్ళ ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్‌ను వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతిగా వచ్చి తిరుపతిలోనే ప్రారంభించినాడు. ఇంటికింత దగ్గర్లో వంటలో డిగ్రీ చదవొచ్చంటే మా కాలంలో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మీ నాయన చెప్పినట్టు ఆ కాలేజీకే అప్లికేషన్ పెట్టు. కత్తి పట్టే తీరు, సరుకు లెక్క, శుభ్రం, అన్నీ శ్రద్ధగా విను. సెలవులిచ్చినప్పుడు మాత్రం నేరుగా నా దగ్గరికే రావాల. గాడిపొయ్యి పొగ కండ్లకు పట్టాల, అండా కడగాల, రెండు వందల మందికి సంగటి గెలకాల.

వచ్చేటప్పుడు నోటుబుక్కు, చిన్న త్రాసు, వంట థర్మామీటరు తెచ్చుకో. నేను ఉప్పు పిడికిట్లో పట్టుకుంటా, వేసేలోపల నువ్వు తూకమేసి రాసుకో. వంకాయ కూరతో మొదలు పెడదాం.