తలనొప్పి కర్మఫలమైతే తల పట్టడం తప్పా?

ఎండలో వేరుశనగ చేను కలుపు తీసి ఇల్లు చేరిన మనిషికి ఒక్క పక్క తలనొప్పి లేస్తే, గుడిబండ, మడకశిర వైపు ఇళ్లలో ఎవరో ఒకరు మాడుకు ఆముదం అంటి కణతలు నొక్కుతారు. పక్కనే ఇంకొకరు ‘ఏ జన్మలో చేసుకున్నదో, అనుభవించక తప్పుతుందా’ అంటారు. ఓదార్పుగా మొదలైన ఆ మాట, నొప్పి పడుతున్నది ఇంటి కోడలైతే ఆమె నోరు మూయించే తీర్పుగా మారుతుంది. బెంగళూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జరిగి 2015లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఏడాది కాలంలో మైగ్రేన్ బారిన పడినవారు నలుగురిలో ఒకరు. మగవారికన్నా ఆడవారిలో, పట్నంకన్నా పల్లెలో ఎక్కువ. ఇంతమందికి వచ్చే బాధను ఒక్కొక్కరి పాపపు పద్దులో రాయడానికి మన పాత గ్రంథాలే ఒప్పుకోవు.

మోళియసీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సరిగ్గా ఈ ప్రశ్నే అడిగినట్టు బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలో ఉంది: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనా? కాదన్నాడు బుద్ధుడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బలు అంటూ ఏడు కారణాలు చెప్పి, ఎనిమిదోదిగా మాత్రమే కర్మను లెక్కించాడు. కర్మ సిద్ధాంతాన్ని నిలబెట్టినవాడే దాని హద్దును ఇంత స్పష్టంగా గీయడం చిన్న సంగతి కాదు. దైవాన్ని, పురుషకారాన్ని (మనిషి ప్రయత్నాన్ని) రెండింటినీ ఒప్పుకున్న ఆయుర్వేద గ్రంథకర్త చరకుడు కూడా, ఆయుర్దాయం ముందే నిర్ణయమై ఉంటే వైద్యానికే అర్థం లేదని వాదించాడు. కర్మ ఉందనే నమ్ముదాం. అప్పుడైనా, బాధపడేవారి తల నొక్కే చేతులు కర్మ చక్రానికి బయటివేమీ కావు. ఆ సేవా ఒక కర్మే, ఆ ఊరటా ఒక ఫలమే.

కర్మవాదికన్నా హేతువాది అడిగేది గట్టి ప్రశ్న: ఆ ఊరట నిజమా, భ్రమా? న్యూజిలాండ్‌లో 47 మంది మైగ్రేన్ రోగులతో జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో, వారానికోసారి మర్దన చేయించుకున్నవారికి నొప్పి వచ్చే సార్లు తగ్గాయి, నిద్ర మెరుగైంది. అయితే అది చిన్న పరీక్ష. పైగా మాత్ర విషయంలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చినట్టు, మర్దన అందిందో లేదో రోగికి తెలియకుండా దాచడం కుదరదు. నమ్మకం పాలు ఎంతో విడదీయలేమన్న అభ్యంతరాన్ని ఒప్పుకోవాల్సిందే. కానీ నమ్మకం తప్ప మరేమీ లేదనడమూ సరికాదు. మెడ పైభాగపు నరాలూ ముఖపు నరాలూ మెదడు కాండం దగ్గర ఒకే చోట కలుస్తాయి. మెడ కండరాల బిగువు కణతల్లో, కంటి వెనక నొప్పిగా తెలియడం అందుకే. మెల్లగా నిమిరే స్పర్శకు మాత్రమే బాగా స్పందించే ప్రత్యేక నాడీతంతువులూ చర్మంలో ఉన్నాయి. వేదనకు మనస్సూ ఇంద్రియాలతో కూడిన దేహమూ రెండూ ఆశ్రయాలని చరకుడు చెప్పాడు. స్పర్శ ఇంద్రియాలన్నిటిలో వ్యాపించి మనస్సుతో విడదీయరానిదై ఉంటుందనీ అన్నాడు. నొప్పికి మనసులో చోటున్నప్పుడు, మనసు ద్వారా వచ్చిన ఉపశమనాన్ని అబద్ధమని ఎలా కొట్టేస్తాం? కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనాన్ని రాసుకునేటప్పుడు ఎంత మేలు మందుది, ఎంత మేలు రుద్దే వేళ్లది అని నొప్పి తగ్గినవాళ్లు లెక్క తీయరు.

దేహసుఖం మీద మోజు ఆధ్యాత్మిక సాధనకు అడ్డు అనే మాట మిగిలింది. వెలుతురు చూడలేక, వాంతులతో చీకటి గదిలో పడుకున్న మనిషి ఏ జపం చేయగలదు? ఏకాదశి ఉపవాసమే కొందరికి మైగ్రేన్ తెప్పిస్తుంది. వాళ్లు వేళకు ఇంత తినడం వ్రతభంగం కాదని పెద్దలే ధైర్యంగా చెప్పాలి. స్పర్శను గౌరవించడమంటే దాని పరిమితిని కూడా గౌరవించడం. మర్దన మైగ్రేన్‌ను వేళ్లతో సహా తీసేయదు. క్షవరం అయ్యాక మెడను అటూ ఇటూ విరిపించుకునే అలవాటు వల్ల మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చీలే ప్రమాదం ఉంది, అది మానాలి. మునుపెన్నడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, కాలో చెయ్యో పడిపోయినా, మాట తడబడినా నూనె సీసా కోసం వెతకకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.